నాలుగిండ్ల అవతల తల్లిగారిల్లు

మా వదిన ఈ దేశంలో స్థిరపడినట్టు ప్రభుత్వం ఒప్పుకున్న రోజు ఒకటి, మా హనుమకొండ గల్లీ ఒప్పుకున్న రోజు మరొకటి. మొదటిదానికి కావలసిన దరఖాస్తులన్నీ నేనే నింపాను కనుక అందులో చెప్పుకోదగిన రసమేమీ లేదని అధికారపూర్వకంగా చెప్పగలను. రెండవది ఎట్లా జరిగిందో మాత్రం రాసిపెట్టడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

మా అన్న ఎలక్ట్రీషియన్. కొన్నేళ్ళు గల్ఫ్‌లో ఒక పెద్ద మాల్‌లో పనిచేశాడు. మా వైపు నుంచి గల్ఫ్ వెళ్ళినవారు తిరిగివచ్చేటప్పుడు దుప్పట్లు, సెంటు సీసాలు, టీవీలు తెస్తారన్నది అందరికీ తెలిసినదే. మా అన్న వదినను తెచ్చాడు. ఆమెది ఫిలిప్పీన్స్. అదే మాల్‌లోని సూపర్‌మార్కెట్‌లో పనిచేసేది. ఇద్దరూ అక్కడే పెళ్ళి చేసుకుని, ఇక ఇక్కడే ఉండిపోవాలన్న నిశ్చయంతో ఒక పెద్ద నీలం రంగు సూట్‌కేసుతో దిగారు. అన్న ఊళ్ళో ఇండ్లకు వైరింగ్ పనులు పట్టుకున్నాడు. వదినకు మాత్రం పట్టుకోవడానికి మా ఇల్లు తప్ప ఏమీ లేదు.

మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మా బాపు మార్కెట్ యార్డులో హమాలీ. మిర్చి బస్తాలు మోస్తాడు. అమ్మ ఇల్లు నడుపుతుంది, ఇంటితోపాటు వీలైనంత గల్లీని కూడా నడుపుతుంది. నేను మా వంశంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని. ఒక ప్రైవేటు బడిలో తెలుగు పాఠాలు చెబుతాను. మా ఇంట్లో చదువుకు ఎంత గౌరవమంటే, కరెంటు బిల్లు నుంచి దగ్గు మందు సీసా మీది అక్షరాల దాకా అచ్చయినది ఏదైనా సరే నా ముందుకే వచ్చేది. వదిన కూడా అట్లాగే వచ్చింది.

"డిగ్రీ చదివినవు గదనే, ఏమంటాందో చెప్పు" అనేది అమ్మ.

వదిన ఏమీ అనకపోయినా ఏదో ఒకటి చెప్పవలసి వచ్చేది.

ఆమె వచ్చింది సరిగ్గా మిర్చి సీజన్‌లో. సాయంత్రం బాపు యార్డు నుంచి వచ్చి అంగీ విప్పి దులిపితే మాకు ఏమీ కాదు. పుట్టినప్పటి నుంచి మా ముక్కులు ఆ ఘాటుతో రాజీపడి ఉన్నాయి. వదినకు మాత్రం కండ్ల వెంట ధారలు కట్టేవి. చూడవచ్చిన వాళ్ళు "పాపం, తల్లిదండ్రులు యాదికొస్తాండ్రు కావచ్చు" అని తామూ కంటతడి పెట్టేవారు. ఆమె తుమ్ముతుంటే ప్రయాణమైనవారు ఆగిపోబోయేవారు. అప్పుడు బాపు ఒక తీర్మానం చేశాడు: "మనింట్ల తుమ్ముకు శకునం లేదు. నడువుండ్రి." ఆ తీర్మానం ఇప్పటికీ అమలులో ఉంది.

తుమ్ములు సద్దుమణిగాక మొహం దగ్గర సమస్య మొదలైంది. వదిన దేశంలో ఔనని చెప్పడానికి నోరు విప్పనవసరం లేదు, కనుబొమలు ఒకసారి పైకి లేపితే చాలు. మా దేశంలో అదే పని చేస్తే ఏమిటీ అని గద్దించినట్టు. అమ్మ గిన్నె పట్టుకుని "అన్నం పెట్టనా బిడ్డా?" అని అడిగేది. వదిన కనుబొమలు లేపేది. అమ్మ ఇంకా గట్టిగా అడిగేది. వదిన ఇంకా పైకి లేపేది. ఒకరి గొంతు, ఒకరి కనుబొమలు పోటీపడి పెరుగుతుంటే అన్నం చల్లారిపోయేది.

అంతకంటే పెద్ద చిక్కు పెదవులతో వచ్చింది. ఆమెకు దూరాన ఉన్న వస్తువును చూపాలంటే వేలు అవసరం లేదు. పెదవులు కొద్దిగా ముందుకు చాచి అటువైపు తిప్పుతుంది. అక్కడ అందరూ అట్లాగే చూపుతారట. ఒకనాడు భోజనాల దగ్గర ఉప్పు డబ్బా కావలసి ఆమె అట్లా చూపింది. అమ్మ ముద్ద పళ్ళెంలో పెట్టేసి నా వైపు తిరిగింది.

"చూసినవా? నన్ను చూసి మూతి తిప్పుతాంది."

"ఉప్పు అడుగుతున్నదమ్మా."

"మూతితోటి ఉప్పడుగుతరా ఎవలన్న? నేను అత్తను కానా? నాకు తెల్వదా మూతి తిప్పుడంటే ఏందో?"

కోడలు మూతి తిప్పడమనేది మా వైపు అత్తల శాస్త్రంలో మొదటి అధ్యాయం. దానికి ఉప్పు అనే అర్థం ఉండవచ్చునని అమ్మను ఒప్పించడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒప్పుకున్న తరువాత అమ్మ మరీ మంచిదైపోయింది. కోడలు పాపం ఏమీ తెలియనిదని, పరదేశి పిల్ల అని తీర్పు చెప్పి, ఇక ఆమెను ఏ విషయంలోనూ ఏమీ అనకూడదని నిశ్చయించుకుంది. అసలు కష్టం అక్కడ మొదలైందని అప్పట్లో మాకెవ్వరికీ తోచలేదు.

వదినకు తెలుగు నేర్పే పని సహజంగానే నాకు అప్పగించారు. నేను బాధ్యతగా నేర్పాను. ఆమె శ్రద్ధగా నేర్చుకుంది. కొన్ని నెలలకు ఒక ఉదయం ఆమె ఒంటరిగా కూరగాయల బండి దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని, "దయచేసి అర కిలో బెండకాయలు ఇప్పించగలరా?" అని అడిగింది. బండి మనిషి లేచి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, "ఓట్లు అయిపోయినయి గద మేడం?" అన్నాడు. ఆ రోజు బెండకాయలు మాత్రం లేతవి ఏరి ఇచ్చాడు. మా గల్లీలో ఆమెకు అంతకంటే మంచి తెలుగు మాట్లాడే మనిషి లేదు కనుక, ఆమెతో మాట్లాడే మనిషి కూడా లేకపోయింది.

అట్లాగని ఎవ్వరూ ఆమెను చిన్నచూపు చూడలేదు. చూసిందంతా పెద్దచూపే. ఏ ఇంటికి వెళ్ళినా ముందు కుర్చీ వచ్చేది. మిగతా ఆడవాళ్ళందరూ గడప మీద, అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే వదిన ఒక్కతే ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో చాయ్ కప్పుతో, సన్మానసభలో అధ్యక్షురాలి లాగా కూర్చుని ఉండేది. చిక్కుడుకాయ పట్టుకోబోతే లాక్కునేవారు. ఇంట్లో గిన్నె కడగబోతే అమ్మ "కూసో బిడ్డా, నీకెందుకు" అనేది. నన్ను, అన్నను, బాపును, పాలవాణ్ణి, పిల్లిని ఒకే శ్వాసలో తిట్టగల మా అమ్మ వదిన దగ్గరికి వచ్చేసరికి గొంతు మార్చి, దేవుడికి పళ్ళెం అందించినట్టు మాట్లాడేది.

ఆమెను తిట్టిన మొదటి మనిషి గిర్ని పెద్దమ్మ.

గిర్ని పెద్దమ్మది మా ఇంటి నుంచి నాలుగిండ్ల అవతల. ఇంటి ముందు గదిలో పిండి మర, వెనుక కాపురం. భర్త పోయాక గిర్నిని ఆమే నడుపుతున్నది. ఒక్కడే కొడుకు, ఆటో నడుపుతాడు. ఆడపిల్లలు లేరు. మా అమ్మ ఆమెను అక్కా అంటుంది, నేను పెద్దమ్మా అంటాను. అట్లా పిలుస్తూనే ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా గమనిస్తుంటారు, ఎందుకంటే గల్లీలో ఏ వార్తయినా పిండితోపాటు ఆ గిర్నిలోనే తయారై ఇండ్లకు చేరుతుంది. ఆ అధికారం తనకు లేదని అమ్మకు చిన్న వెలితి.

ఒకనాడు వదిన తన దేశపు తీపి వంటకం చేద్దామని బియ్యం నానబెట్టి, వడగట్టి, గిర్నికి తీసుకువెళ్ళింది. నేను వెంట ఉన్నాను. పెద్దమ్మ డబ్బాలో చేయి పెట్టింది. అంతే.

"తడి బియ్యం తెస్తరా ఎవలన్న? ఇది గిర్నా, నీళ్ళ గోలెమా? రాయికి పిండి పట్టుకుంటే మీ అత్తొచ్చి కడుగుతదా? నీడకు ఆరబెట్టుడు తెల్వదా? గింత ఎత్తు పెరిగినవు, మీ అమ్మ గిది సుత చెప్పలేదా?"

అక్కడున్న ఆడవాళ్ళందరూ డబ్బాలు వదిలి మా వైపు తిరిగారు. నేను వెంటనే అనువాదం చేయకుండా ఉండటమే మర్యాదని భావించాను. అవసరం లేకపోయింది. వదినకు అంతా అర్థమైంది. ఆమె మొహం మెల్లగా విప్పారింది. "క్షమించండి అమ్మా, ఆరబెట్టి తీసుకువస్తాను" అని చెప్పి, ఇంటికి వచ్చే దారి పొడవునా నవ్వుతూనే ఉంది.

అమ్మ మాత్రం మండిపడింది. "నా కోడలిని నేనే ఒక మాట అనను. అదెవలు తిట్టను?" అని, ఆ తరువాత వారం పాటు గిర్ని ముందు నుంచి మొహం అటు తిప్పుకుని నడిచింది. వదిన ఆ వారంలో గోధుమలతో రెండుసార్లు, శనగలతో ఒకసారి గిర్నికి వెళ్ళివచ్చింది. అక్కడ ఎవ్వరూ ఆమెకు కుర్చీ వేయరు. బస్తా మీద కూర్చుంటుంది. తన డబ్బా వంతు వచ్చేదాకా అందరిలాగా ఎదురుచూస్తుంది.

ఇంతలో బతుకమ్మ పండుగ వచ్చింది. మా వైపు ఆడవాళ్ళకు ఇది పూల పండుగ అని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి ఇది తల్లిగారింటికి వెళ్ళే పండుగ. పూలు దానికి తోడు. అన్నో తమ్ముడో వచ్చి ఆడబిడ్డను తోలుకపోవాలి. ఆ తొమ్మిది రోజులు ఆమె తల్లి దగ్గర ఆలస్యంగా లేస్తుంది, అత్తగారి మీద కడుపు నిండా ఫిర్యాదులు చెబుతుంది, రంగురంగుల పూలు పేర్చుకుని సాయంత్రం తోటివాళ్ళతో ఆడుతుంది. మా గల్లీ నుంచి కోడళ్ళు డోర్నకల్‌కు, ములుగుకు, స్టేషన్ ఘన్‌పూర్‌కు బయలుదేరారు. ఆ ఊళ్ళ నుంచి మా గల్లీ ఆడపిల్లలు వచ్చారు. ఆ రాకపోకల నడుమ వదిన మా మెట్టు మీద కూర్చుని చూసింది. వెళుతున్న ఒకామె ఆప్యాయంగా "నీ తల్లిగారిల్లు యాడ చెల్లే?" అని అడిగింది. వదిన పెదవులతో ఆకాశం వైపు చూపింది. పాపం, అడిగినామెకు అది ఉప్పు భాష అని తెలియదు. వాళ్ళ అమ్మ చనిపోయిందనుకుని ఊరంతా చెప్పింది. ఆ వారమంతా పలకరింపులకు వచ్చినవారికి వదిన తల్లి ఆరోగ్యంగా ఉన్నదని నేను వివరించవలసి వచ్చింది.

అట్లా ఏడాది గడిచింది. మరుసటి ఏడు వానలు తగ్గి గట్ల మీద గునుగు పూలు తెల్లబడుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం వదిన నన్ను మిద్దె మీదికి పిలిచింది. బట్టలు తీస్తూ మెల్లగా చెప్పింది. గల్ఫ్‌లోని పాత సూపర్‌మార్కెట్‌వాళ్ళు మళ్ళీ పనికి రమ్మంటున్నారట. ఈసారి పెద్ద ఉద్యోగం. మా అన్నకు కూడా చూస్తామన్నారట. దసరా అయ్యాక జవాబు చెప్పాలి.

"మీకు వెళ్ళాలని ఉన్నదా?" అని అడిగాను.

కనుబొమలు లేచాయి.

"ఇక్కడ ఎవరైనా మిమ్మల్ని బాధపెట్టారా?"

"లేదు. అందరూ నన్ను బాగా చూస్తారు" అంది, నేను నేర్పిన తెలుగులోనే. "రెండు సంవత్సరాలు కావస్తున్నది. ఇంకా బాగానే చూస్తారు. అత్తగారు నిన్ను రోజుకు ఎన్నిసార్లు తిడతారు?"

"లెక్కపెట్టలేదు."

"నేను లెక్కపెట్టాను. నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. నేను ఈ ఇంటికి వచ్చాను, కానీ ఇంకా కుర్చీలోనే ఉన్నాను."

నేను మిగిలిన బట్టలు తీసి మడిచాను. కిందికి దిగి, తగిన సమయం చూసి, అమ్మకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతున్నది.

"ఏం తక్కువ చేసినమే?" అంది.

"ఏమీ తక్కువ చేయలేదమ్మా. అదే ఆమె బాధ."

"అంటే ఏంది, తిట్టాల్నా?"

"తిడితే పోతానన్న కోడలు ఉంటుంది గానీ, ఈమెకు పోవడానికి ఇక్కడ చోటు కూడా లేదు. కోడళ్ళు అలిగితే తల్లిగారింటికి పోతారు. ఈమె అలిగితే విమానమే ఎక్కాలి."

అమ్మ చేట ఆపింది. రెండు రోజులు ఇంట్లో ఎవ్వరినీ తిట్టలేదు. బాపు భయపడి జ్వరం చూడమన్నాడు. మూడవ రోజు ఆమె డబ్బాలో ఇంత జొన్నలు పోసుకుని, ఇంట్లో జొన్నపిండి నిండుగా ఉండగానే, "నడువే" అని నన్ను వెంటబెట్టుకుని గిర్నికి బయలుదేరింది.

గిర్ని పెద్దమ్మ మర ఆడిస్తున్నది. అమ్మ డబ్బా కింద పెట్టింది కానీ ఇవ్వలేదు.

"అక్కా, నీకు బిడ్డలు లేరు గద."

"లేరు. ఇయ్యాల యాదికొచ్చిందా నీకు?"

"మా కోడలికి తల్లిగారిల్లు లేదు."

పెద్దమ్మ స్విచ్ కట్టేసింది. పట్టా తిరుగుతూ తిరుగుతూ ఆగింది. గిర్ని ఆగితే మా గల్లీకి చెవుడు వచ్చినట్టు ఉంటుంది.

"నాడు రెండు మాటలన్ననని వారం దాక మొహం తిప్పుకొని పోతివి."

"తిట్టినవనే అలిగిన. తిట్టినవనే ఇప్పుడు వచ్చిన."

పెద్దమ్మ చేతులకున్న పిండి దులుపుకుంది. అంత పెద్ద విషయం ఆమెకు ఎంత త్వరగా అర్థమైందంటే, నేను దారిలో కూర్చుకున్న వాక్యాలన్నీ వృథా అయ్యాయి.

"బిడ్డంటే ఉత్త మాటకు కాదు మరి" అంది. "తోలుకరాను నా కొడుకొస్తడు. తొమ్మిది దినాలు నా ఇంట్ల ఉంటది. నడుమ నడుమ వచ్చి తొంగిచూసుడు లేదు."

"ఉంటె ఉండనీ. గీ నాలుగిండ్లకు నడిచొస్తది, కొడుకెందుకు?"

"నా బిడ్డ నడిచొస్తదా? ఆటో వస్తది."

అమ్మ డబ్బా అందుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఒక్క క్షణంలో ఆమె ఎదుట నిలబడినది అక్క కాదు, వియ్యపురాలు. అంతకాలం అక్కా అన్న మనిషిని ఇకమీదట వదినె అనాలి. నా పెద్దమ్మ అత్తమ్మ అయింది. అన్నా అని పిలిచిన ఆటో మనిషి నాకు బావ అయ్యాడు. ఒక్క జొన్నల డబ్బా మీద ఇన్ని వరుసలు మారడం నేను వ్యాకరణంలో ఎక్కడా చదవలేదు.

పండుగ మొదటి రోజు పొద్దున ఆటో మా గుమ్మం ముందు ఆగింది. అద్దానికి బంతిపూల దండ ఉంది. ఆటో నడిపే మనిషి, మా అన్న చిన్నప్పుడు ఒకే బడిలో చదివారు. ఒకరినొకరు అరేయ్ తప్ప మరొక మాటతో పిలిచి ఎరుగరు.

"అరేయ్..." అని మొదలుపెట్టి అతడు గొంతు సవరించుకున్నాడు. "బావా, మా చెల్లెను పంపియ్యుండ్రి. పండుగకు తోలుకపోతాన."

మా అన్న నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు. అమ్మ మాత్రం ఒక్క మర్యాద కూడా విడువలేదు. వదినకు బొట్టు పెట్టింది. కొత్త చీర కట్టించింది. వదిన ఆ నీలం సూట్‌కేసును, విమానంలో వచ్చినదాన్నే, నింపి తెచ్చింది. తొమ్మిది రోజులకు, నాలుగిండ్ల దూరానికి అంత పెద్ద సూట్‌కేసు ఎందుకని ఎవ్వరూ అడగలేదు. తల్లిగారింటికి పోయే ఆడపిల్లకు అది ఎప్పుడూ చిన్నదే.

ఆటో మలుపు తిరిగి నేరుగా గిర్ని ముందు ఆగుతుందని అనుకున్నాం. ఆగలేదు. గల్లీ దాటింది, చౌరస్తా వైపు వెళ్ళిపోయింది. బతుకమ్మకు చెల్లెను తోలుకుపోతూ ఒక్క నిమిషంలో దింపితే తన పరువు ఏం కావాలని అతడు తరువాత అడిగాడు. బస్టాండు చూపించి, పబ్లిక్ గార్డెన్ చుట్టూ తిప్పి, నడుమ చెరుకు రసం తాగించి, గల్లీ రెండవ కొస నుంచి తెచ్చాడు. అంతసేపూ మా అమ్మ మా గుమ్మంలో, గిర్ని అత్తమ్మ ఆమె గుమ్మంలో, ఖాళీ గల్లీని చూస్తూ నిలబడ్డారు. ఒకరికొకరు నిక్షేపంగా కనిపిస్తూనే ఒకరినొకరు చూసుకోలేదు. వియ్యపురాండ్ర మధ్య ఉండవలసిన దూరాన్ని నాలుగిండ్లలోనే సాధించిన ఘనత వారిది.

ఆటో దిగగానే గిర్ని అత్తమ్మ గొంతు మాకు స్పష్టంగా వినిపించింది. "ఎంత చిక్కిపోయినవు బిడ్డా. ఏం తినబెడుతలేదా మీ అత్త?"

అమ్మ లోపలికి వచ్చి తలుపు వేసుకుంది. "విన్నవా? మొన్ననే శనగలు పట్టిచ్చుకపోయిన పిల్లను చూసి చిక్కిపోయినవంటాంది."

ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఆటో బావ ములుగు రోడ్డు మీద ఎక్కడికో వెళ్ళి తంగేడు తెచ్చాడు. వదిన మొదటిసారి పళ్ళెం ముందు కూర్చుని పూలు పేర్చింది. మిగతావారి బతుకమ్మలు మొదట్లో ఒక పక్కకు ఒరుగుతాయి. ఆమెది వరుస వరుసగా లేచి నిటారుగా నిలబడింది. సూపర్‌మార్కెట్‌లో పాల డబ్బాలను గోపురంలా పేర్చి, ఎవరైనా కింది డబ్బా లాగినా పడకుండా నిలబెట్టడం అక్కడ ఆమె పని అట. గిర్ని అత్తమ్మ చుట్టూ తిరిగి చూసి, "మంచిగనే ఉన్నది, గునుగుకు రంగు సరిగ అంటలేదు, చేతులు కడుక్కొని తిను" అంది. ఆ మూడు మాటల్లో మొదటిది అందరికీ వినబడేటట్టు అంది.

తరువాతి రోజుల్లో మాకు రెండు రకాల వార్తలు అందాయి. ఒకటి నేరుగా చెవికి. పొద్దున లేచినప్పటి నుంచి గిర్ని అత్తమ్మ తిట్టే తిట్లు: చీర కొంగు మరలో పడుతుందనీ, తల తుడుచుకోలేదనీ, ఎండు చేపలు వేయించి ఇల్లంతా వాసన పట్టించిందనీ. రెండవది పిండితోపాటు వచ్చింది. వదిన ఆనవాయితీ ప్రకారం అత్తగారి మీద ఫిర్యాదు చెప్పిందట. గిర్నికి వచ్చిన ప్రతి ఆడమనిషీ విన్నది. విన్న ప్రతి మనిషీ ఇంటికి పోతూ మా గుమ్మం దగ్గర ఆగింది.

"ఏందమ్మా, కోడలిని ఒక్కసారి సుత తిడతలేవట?"

అమ్మ బిత్తరపోయింది. "ఎవలు చెప్పిండ్రు?"

"నీ కోడలే. చెప్పుకుంట ఏడ్వబట్టె. గిన్నె కడగనియ్యదట, చిక్కుడుకాయ తెంపనియ్యదట. గట్లెట్లమ్మా, మనసున పెట్టుకోదా పిల్ల?"

తిడుతుందని పేరు మోసిన అత్తలు మా గల్లీలో చాలామందే ఉన్నారు. తిట్టదని బద్నాం అయినది మా అమ్మ ఒక్కతే. ఆమె కూరగాయల బండి దగ్గరికి పోవడం కూడా మానుకుంది.

ఆరవ రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు అమ్మవారు అలుగుతుందని ఎవ్వరూ పూలు పేర్చరు. మా అమ్మ ఆ రోజు అధికారికంగా అలిగింది. "దినాం గిర్ని ముంగటి నుంచే మార్కెట్‌కు పోతాన. ఒక్కసారన్న బయటికొచ్చి అత్తమ్మా అనలేదు" అని, మధ్యాహ్నం భోజనం చేయనన్నది. తొంగిచూడకూడదన్న షరతు పెట్టినది వియ్యపురాలేనని గుర్తుచేశాను. "షరతు నాకు. దానికి కాదు" అంది. బాపు నెమ్మదిగా అన్నం కలుపుతూ, "అలుగుడు మంచిదే. ఎవలి మీదన్న అలిగినమంటే వాళ్ళు మనోళ్ళన్నట్టే" అన్నాడు. బాపు మాట్లాడేది తక్కువ. మాట్లాడినప్పుడు కూడా తినడం ఆపడు.

తొమ్మిదవ రోజు సద్దుల బతుకమ్మ అయింది. దసరా అయింది. గల్లీ కోడళ్ళు ఊళ్ళ నుంచి తిరిగి వస్తున్నారు. మా అన్న శుభ్రమైన అంగీ వేసుకుని వదినను తీసుకురావడానికి గిర్నికి వెళ్ళాడు. కొద్దిసేపటికి ఒంటరిగా వచ్చాడు.

"ఏదిరా?" అంది అమ్మ.

"ఇంకో రెండు దినాలుంటదట."

"గల్ఫోళ్ళకు జవాబు ఇయ్యాల్నంటివి గద?"

"ఇయ్యాలే చెయ్యాలె ఫోన్. ఏం చెప్తదో నాకు సుత చెప్పలేదు."

అన్న మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఇల్లంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అనిపించింది. ఆ నీలం సూట్‌కేసు ఇప్పటికే సర్ది ఉన్నదన్న ఆలోచన మా ముగ్గురికీ ఒకేసారి వచ్చినట్టుంది. అది నాలుగిండ్లు వెనక్కి వచ్చినా, కాజీపేట రైల్వే స్టేషన్ వైపు ముందుకు పోయినా, సర్దినది సర్దినట్టే ఉంటుంది.

అమ్మ కొంగు నడుముకు దోపింది. చెప్పులు వేసుకోకుండానే బయలుదేరింది. మేము వెనుక నడిచాము.

వదిన గిర్ని లోపల బస్తా మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నది. అమ్మ గుమ్మంలో నిలబడింది. ఇన్నాళ్ళూ దాచినదంతా ఒకే ఊపున బయటికి వచ్చింది.

"ఏందే, తొమ్మిది దినాలంటివి. పండుగ అయిపాయె, దసరా అయిపాయె. ఇంట్ల మొగడున్నడా లేడా నీకు? వాకిలి ఊడ్సుడు నేనే, బాసన్లు తోముడు నేనే. తల్లిగారిల్లు దొరికిందని అత్తగారిల్లు మరిచినవా? గల్లీ గల్లంత తిరిగి నన్ను బద్నాం చేస్తివి. ఇంకా రెండు దినాలుంటదట, రెండు దినాలు. లెవ్వు. సూట్‌కేసు తే."

మర ఆగి ఉంది. పిండి కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు గోడకు ఆనుకున్నారు. వదిన తల ఎత్తి అమ్మను చూసింది. కనుబొమలు మెల్లగా పైకి లేచాయి.

"కండ్లెగరేస్తవేందే?"

"ఔనంటాన అత్తమ్మా" అంది వదిన. "జర ఆగు. పొయ్యి మీద పప్పున్నది. దింపి వస్త."

అది నేను నేర్పిన తెలుగు కాదు. ఆ గిర్నిలో తొమ్మిది రోజుల్లో ఎవరు నేర్పారో చెప్పనవసరం లేదు. అమ్మ చుట్టూ చూసి, పక్కనున్న బస్తా మీద కూర్చుంది. గిర్ని అత్తమ్మ కుర్చీ తెప్పించలేదు. వెల్లుల్లి పళ్ళెం అమ్మ వైపు జరిపింది. "ఉత్తగ కూసునుడెందుకు వదినె, గివి ఒలువు" అంది.

పప్పు దించి వచ్చాక వదిన అక్కడే, అందరి ముందూ, గల్ఫ్‌కు ఫోన్ చేసింది. ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది. అమ్మ నా మోచేయి పొడిచింది.

"ఏమన్నది?"

"రానని చెప్పింది."

"ఎందుకు రానన్నది?"

నాకు అబద్ధపు అనువాదం చేయడం చేతకాదు. "మా అత్తగారు ఒప్పుకోవడం లేదు అన్నది."

గోడ దగ్గరి ఆడవాళ్ళు నవ్వారు. అన్న తల వంచుకుని కండ్లు తుడుచుకున్నాడు. మిర్చి కాలం కాదు కనుక మేమెవ్వరమూ కారణం అడగలేదు.

"నేనెప్పుడు వద్దన్ననే?" అంది అమ్మ. "నన్నడిగినవా? మళ్ళ నన్నే బద్నాం చేస్తాంది చూడుండ్రి."

అప్పటికి గిర్ని అత్తమ్మ పసుపు కలిపిన ఒడిబియ్యం తెచ్చింది. తల్లిగారింటి నుంచి పంపేటప్పుడు ఆడబిడ్డ ఒడిలో పోసే బియ్యం అది. వదిన కొంగు పట్టింది. దోసిలి నిండా పోస్తూ కూడా గిర్ని అత్తమ్మ మాట మారలేదు. "చూసినవా బిడ్డా, పొడి బియ్యమంటే గిట్లుంటయి. వచ్చే ఏడు మరువకు."

ఆటో ఎక్కించాలని బావ పట్టుబట్టాడు. బస్టాండు, పబ్లిక్ గార్డెన్ మీదుగా ఇంటికి చేరేసరికి పొద్దుగూకింది. అమ్మ కూడా ఆటోలోనే కూర్చుంది, వియ్యపురాలి ఆటో కనుక ఎక్కకపోతే మర్యాద కాదట. దారి పొడవునా కోడలికి వాకిలి ఎట్లా ఊడవాలో చెబుతూనే ఉంది. ఇంటి ముందు దిగి, సూట్‌కేసు దించుతూ, మళ్ళీ మొదలుపెట్టింది: "గింత బరువేందే, గిర్ని రాయి సుత తెచ్చినవా?"

వదిన సూట్‌కేసు అందుకుంది. పెదవులు ముందుకు చాచి పక్కకు తిప్పింది. ఏం చూపుతున్నదోనని అలవాటుగా నేను అటువైపు చూశాను. అక్కడ ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు.

"చూసినవా? మూతి తిప్పుతాంది" అంది అమ్మ, చాలా తృప్తిగా.